'పీపింగ్ టామ్' సినిమాకి రాటెన్ టొమాటోస్‌లో ఇప్పుడు 90 శాతం పైనే! మరి 1960లో తిట్టినవాళ్లు ఏమైనట్టు?

యూరప్ క్రైమ్ థ్రిల్లర్ పేరు చెప్పగానే అడిగే మొదటి ప్రశ్న: "రాటెన్ టొమాటోస్‌లో ఎంత?" విమర్శకుల రివ్యూలు పోగేసి శాతం చెప్పే వెబ్‌సైట్ అది.

అపోహ: 95 శాతమంటే నూటికి 95 మార్కులు.

కాదండీ. అది చేతులెత్తించి లెక్కపెట్టడం లాంటిది. రివ్యూ మొత్తమ్మీద సినిమా బాగుందంటోందా, లేదంటోందా, అంతవరకే. బాగుందన్నవి 60 శాతం, ఆపైన ఉంటే, సినిమా బాగుందన్న గుర్తుగా ఎర్ర టొమాటో పడుతుంది. పదిమంది విమర్శకులూ 5కి 3 వేసి "పర్లేదు" అంటే 100 శాతం! ఆరుగురు 5కి 5, నలుగురు 5కి 2 వేస్తే 60 శాతమే. సగటు కట్టి చూడండి: మొదటిది 10కి 6, రెండోది 7.6. జనాన్ని రెండుగా చీల్చే థ్రిల్లర్లు ఈ లెక్కలోనే నష్టపోతాయి, శాతం చూసి వదిలేసినవాళ్లు కూడా.

అందుకే సగటు ఇచ్చి ఉంటే ముందు అది, తర్వాత రివ్యూల సంఖ్య చూడండి. 8 రివ్యూల మీద వచ్చిన 100కీ, 200 రివ్యూల మీద వచ్చిన 88కీ పోలికే లేదు. ఆపైన తేదీలు. పాత సినిమాల విషయంలో బోల్తా పడేది ఇక్కడే. మైకేల్ పావెల్ తీసిన 'పీపింగ్ టామ్' 1960 ఏప్రిల్‌లో లండన్‌లో విడుదలైంది. చంపుతూ, చనిపోయేవాళ్ల భయాన్ని కెమెరాలో పట్టే హంతకుడి కథ. బ్రిటిష్ విమర్శకులు చీల్చి చెండాడారు, హాళ్ల నుంచి త్వరగానే ఎత్తేశారు. ఇవాళ్టి శాతంలో ఆ తిట్లు దాదాపు కనపడవు. లెక్కలోకొచ్చిన రివ్యూల్లో ఎక్కువ భాగం, అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేజీ పూనుకుని 1979-80లో దాన్ని మళ్లీ ప్రదర్శింపజేశాక రాసినవే. అప్పట్లో 'సండే టైమ్స్' పత్రికలో దుయ్యబట్టిన విమర్శకురాలు డిలిస్ పావెల్ (దర్శకుడికి బంధువు కాదు) 1994లో మాట వెనక్కి తీసుకున్నారు.

అపోహ: ఆ రివ్యూలతో మైకేల్ పావెల్ ఇక సినిమా తీయలేదు.

తీశాడు. 1961లో ఒకటి, ఆస్ట్రేలియా వెళ్లి 1966లో, 1969లో మరో రెండు. బ్రిటన్‌లో అవకాశాలు అడుగంటిన మాట మాత్రం నిజం.

అపోహ: రివ్యూలు పోగేసే మరో వెబ్‌సైట్ మెటాక్రిటిక్‌దీ రాటెన్ టొమాటోస్ లెక్కే.

అది సగటు. పైగా కొందరి రివ్యూలకు బరువెక్కువ.

"95 ఉన్నది నాకు నచ్చలేదు, నాకే అర్థం కాలేదేమో" అని బెంగపడకండి. ఆ మిగతా 5 శాతం రివ్యూలు చదవండి, మీ అభ్యంతరమే అక్కడ ఉండొచ్చు. డబ్బింగ్‌లో చూసుంటే మాత్రం ఓసారి అసలు భాషలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. విమర్శకులు సాధారణంగా చూసేది అదే.