బ్రోకెన్ హిల్‌లో తేలిన రాయి

"ఆస్ట్రేలియా వెళ్తున్నాం, బ్రోకెన్ హిల్ దాకా పోతే చూడటానికేమైనా ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. సిడ్నీకి పడమరగా 1,100 కిలోమీటర్లు దాటాక వచ్చే గనుల ఊరది. గడియారం కూడా సిడ్నీది కాదు, అడిలైడ్‌ది. అరగంట వెనక నడుస్తుంది.

ముందు వీధుల పేర్లు చదవండి: ఆర్జెంట్ (అంటే వెండి), ఆక్సైడ్, సల్ఫైడ్, క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్. మా కెమిస్ట్రీ మాస్టారు ఈ ఊరి మ్యాపు గోడకి తగిలించి ఉంటే ఇంకో పది మార్కులు వచ్చేవేమో! పేర్లు ఊరికే పెట్టినవి కావు. ఖనిజం పైభాగం గాలికీ నీటికీ మారిపోయి, అందులో వెండి క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్‌లుగా పేరుకుంది. లోతుకు దిగితే అంతా సల్ఫైడే, అంటే గంధకంతో కలిసిన లోహం.

1883లో చార్లెస్ రాస్ప్ అనే పశువుల క్షేత్రం ఉద్యోగి ఇక్కడి నల్లరాయిని తగరం అనుకున్నాడు. మన గుప్తనిధుల వాళ్ళలా కోడిని కోయలేదు, రాయిని పరీక్షకు పంపాడు. అది సీసం, వెండి. 1885లో బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ, అంటే బీహెచ్‌పీ గనుల కంపెనీ పుట్టింది.

నాకు మాత్రం జింకు కథే ఇష్టం. సీసపు ఖనిజం గెలీనా నీటికన్నా ఏడున్నర రెట్లు బరువు. బియ్యంలో రాళ్ళు గాలించినట్టు గాలిస్తే అడుక్కి దిగుతుంది. జింకు ఖనిజం స్ఫాలరైట్ (ఇదీ సల్ఫైడే) నాలుగు రెట్లే, దాంతో కలిసి ఉండే గార్నెట్, రోడొనైట్ రాళ్ళూ దాదాపు అంతే. ఎంత గాలించినా విడిపోవు. జింకంతా వ్యర్థం గుట్టల్లో చేరింది.

తామరాకును నీళ్ళలో ముంచి చూశారా? వెండిలా మెరుస్తుంది. ఆకు నీటిని అంటనివ్వదు కాబట్టి గాలి పొర దాన్ని పట్టుకుని ఉంటుంది. నీటిబొట్టు జారిపోవడానికీ, గాలి అతుక్కోవడానికీ కారణం ఒక్కటే. సల్ఫైడ్ రేణువుదీ తామరాకు స్వభావమే, కొంచెం నూనె తగిలితే మరీనూ. గార్నెట్ నీటిలో చక్కగా తడుస్తుంది. పొడి చేసి, నీళ్ళలో కలిపి, బుడగలు పంపితే సల్ఫైడ్ బుడగని కరుచుకుని పైకొస్తుంది, గార్నెట్ మునుగుతుంది. ఒక మిల్లీమీటరు బుడగ, అందులో పదో వంతు అడ్డుకొలత ఉన్న స్ఫాలరైట్ రేణువులను లెక్క ప్రకారం మూడొందల దాకా మోయగలదు. రేణువు లావైతే మాత్రం ఊడి పడిపోతుంది. "బరువైనది మునుగుతుంది" అని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం, ఉపరితలం సంగతి ఎత్తం.

1900ల మొదట్లో ఇక్కడి గుట్టల మీద ఈ తేల్చే పద్ధతిని సాధించినవాళ్ళలో ఒకరు బీహెచ్‌పీ మేనేజర్ డెల్‌ప్రాట్, ఇంకొకరు మెల్‌బోర్న్‌కి చెందిన పాటర్. పాటర్ వృత్తి బీరు తయారీ! వేడి ఆమ్లం పోస్తే రాతిలోని కార్బొనేట్‌ల నుంచే బుడగలు పుట్టేవి.

వెళ్తే ఊరి మధ్యలో ఉన్న వ్యర్థం గుట్ట ఎక్కండి. పక్కనే, 25 కిలోమీటర్లలో సిల్వర్టన్ అనే పాత గనుల ఊరు. బ్రోకెన్ హిల్‌లో వెండి దొరికాక అక్కడి జనం కొందరు ఇళ్ళు కూడా విప్పుకుని ఇక్కడికి తెచ్చుకున్నారు.