సుడో గొడవ వెనక 1971 నాటి బిట్

లైనక్స్‌లో అనుమతి ఉన్న యూజర్ కమాండును రూట్ (సర్వాధికారి) హక్కులతో నడిపించే సుడో ప్రోగ్రామును ఏం చేయాలన్న వాదన మళ్లీ రాజుకుంది. 2025 జూన్ చివర్లో బయటపడిన సీవీఈ-2025-32463 అనే నంబరు గల భద్రతా లోపమే కారణం. దాంతో ఏ హక్కులూ లేని మామూలు యూజర్ కూడా రూట్ అయిపోవచ్చు. మెమరీ తప్పులకు తావిచ్చే సీ భాషలో రాసినన్నాళ్లూ ఇంతే, వాటిని చాలావరకు అడ్డుకునే రస్ట్ భాషలో తిరగరాయాల్సిందే అంటుంది ఒక వర్గం. ఉబుంటు 25.10 ఆ దారిలోనే రస్ట్‌లో రాసిన సుడో-ఆర్ఎస్‌ను డిఫాల్ట్ చేసింది. భాష మారిస్తే ఏం లాభం, సుడోకు రూట్ హక్కులిచ్చే సెట్‌యూఐడీ అనే ఫైలు బిట్‌నే వదిలించుకోవాలి అంటుంది రెండో వర్గం. లైనక్స్ నమూనాగా తీసుకున్న యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్, పీడీపీ-7 కంప్యూటర్ కథలు చాలామంది విన్నవే కాబట్టి నేరుగా ఈ సెట్‌యూఐడీ దగ్గరికే వెళ్దాం.

మామూలుగా ప్రోగ్రాముకు దాన్ని నడిపినవాళ్ల హక్కులే వస్తాయి. ఫైలు మీద ఈ బిట్ పెడితే మాత్రం, ఎవరు నడిపినా ఫైలు యజమాని హక్కులు వస్తాయి. ఇది యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ ఆలోచన. 1971 నాటి యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే ఉంది. 1973లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1979లో మంజూరైంది. దీనితో తీరే సమస్యల్లో ఒకటిగా రిచీ, కెన్ థాంప్సన్ తమ 1974 వ్యాసంలో చూపినది 'మూ' అనే అంకెల ఆట స్కోరు. ఆటగాడు ఆట ద్వారా తప్ప స్కోరు ఫైలును ముట్టుకోకూడదు. ఆటకైతే భేషైన ఉపాయమే.

చిక్కల్లా అదే బిట్‌ను రూట్ ప్రోగ్రాములకు తగిలించడంతో వచ్చింది. యూనిక్స్ ఏడో ఎడిషన్ (1979) నాటికి డైరెక్టరీ సృష్టించడానికి మామూలు యూజర్లకు సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను నేరుగా అడిగే పిలుపు) లేదు. అందుకని ఎంకేడిర్ కమాండునే సెట్‌యూఐడీ రూట్ చేశారు. అది ముందు డైరెక్టరీ తయారుచేసి, తర్వాత దాన్ని యూజర్ పేరుకు బదలాయించేది. ఆ రెండు అంగల మధ్య ఖాళీలో డైరెక్టరీని తీసేసి, అదే పేరుతో పాస్‌వర్డ్ ఫైలుకు లింకు పెడితే చాలు, పాస్‌వర్డ్ ఫైలే మన సొంతం! 1983లో 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ ఎంకేడిర్‌ను సిస్టమ్ కాల్‌గా మార్చాకే ఆ ఖాళీ మూసుకుంది.

వీఐ ఎడిటర్ మధ్యలో ఆగిపోతే ఫైలును దాచిపెట్టే ప్రిజర్వ్ ప్రోగ్రాముదీ అదే వరస. అదీ సెట్‌యూఐడీ రూటే. కబురు పంపడానికి షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రాము) ద్వారా '/బిన్/మెయిల్'ను పిలిచేది. మాటలను ఎక్కడ విడగొట్టాలో షెల్‌కు చెప్పే ఐఎఫ్ఎస్ అనే వేరియబుల్‌లో '/' పెడితే షెల్ ఆ దారిని ముక్కలు చేసి, 'బిన్' అనే ప్రోగ్రాము కోసం వెతికేది. ఆ పేరుతో మనం రాసిపెట్టుకున్నది రూట్ హక్కులతో నడిచేది.

ఈ రెంటిలోనూ మెమరీ తప్పు లేదు. అధికారం ప్రోగ్రాముది, దాన్ని ఏ డైరెక్టరీలో, ఏ వేరియబుల్స్‌తో, ఏ ఆర్గ్యుమెంట్లతో లేపాలో నిర్ణయించేది మాత్రం దాడి చేసేవాడు. ఈ సౌకర్యాన్ని జాగ్రత్తగా వాడాలని రిచీ కూడా యూనిక్స్ భద్రత గురించి రాసిన నోట్‌లో హెచ్చరించారు.

2025 లోపం ఈ కుటుంబంలోదే. ఒక డైరెక్టరీనే మొత్తం సిస్టమ్‌గా చూపే క్రూట్ ఆప్షన్‌తో దాడి చేసేవాడు తాను సిద్ధం చేసిన డైరెక్టరీని చూపిస్తే, సుడో అందులోని ఎన్ఎస్‌స్విచ్ ఫైలు (యూజర్ల వివరాలు ఎక్కడ వెతకాలో చెప్పేది) చదివి, వాడి లైబ్రరీనే రూట్‌గా లోడ్ చేసుకుంది. సుడో-ఆర్ఎస్‌కు ఇది తగల్లేదు నిజమే. రస్ట్ పుణ్యం కాదు, ఆ ఆప్షనే అందులో లేదు. 2021లో బయటపడ్డ 'బ్యారన్ సామెడిట్' మాత్రం అసలైన మెమరీ లోపం, దాదాపు పదేళ్లు సుడోలో దాగి ఉంది. రస్ట్ పక్షానికి అది గట్టి ఆధారమే.

యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే తర్వాత తయారైన ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్‌యూఐడీ లేదు, సూపర్‌యూజరూ (రూట్) లేడు. ఈ వాదనల్లో ఆ మాట ఎత్తేవాళ్లు తక్కువ. 2024లో, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 256తో వచ్చిన సుడో ప్రత్యామ్నాయం రన్0 కూడా ఆ బిట్ జోలికి పోదు. అప్పటికే నడుస్తున్న సిస్టమ్‌డీని అడిగి, పిలిచినవాడి పరిసరాలు అంటని కొత్త ప్రాసెస్‌ను మొదలుపెట్టిస్తుంది. సుడో-ఆర్ఎస్ ఇప్పటికీ సెట్‌యూఐడీ రూట్‌గానే ఇన్‌స్టాల్ అవుతుంది.

అయితే రన్0 అనుమతి అడిగేది, ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే పోల్‌కిట్‌ను. 2022 జనవరిలో పీకేఎగ్జెక్ లోపం బయటపడింది ఆ పోల్‌కిట్‌లోనే. సుడో లాంటి పని చేసే పీకేఎగ్జెక్ కూడా సెట్‌యూఐడీ ప్రోగ్రామే, లోపం 2009 నుంచీ అందులో ఉంది.