ఇన్సులిన్: కోనసీమలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఇన్సులిన్ మొదలుపెట్టాలని డాక్టరు గారు చెప్పిన రోజున, ఆ మనిషి ఇంటికి చేరేలోపే నలుగురు సలహాలు చెబుతారు. బస్సులో పక్క సీటాయన, మందుల కొట్టు దగ్గర నిలబడ్డ మరొకాయన, ఎదురింటి పిన్ని గారు, హైదరాబాద్ నుంచి ఫోనులో బావమరిది. అందరిదీ ఒకటే మాట: "ఇంకొన్నాళ్లు మాత్రలతో నెట్టుకురండి, సూది మాత్రం వద్దు."

నేను కోనసీమలో షుగర్ ఉన్నవారికి ఇన్సులిన్ వేసుకోవడం నేర్పే నర్సును. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు నుంచే కాక గోదావరి దాటి నరసాపురం వైపు నుంచి కూడా మా దగ్గరకు వస్తారు. నేను చూసినంతలో ఇన్సులిన్ వాడేవారికి జరిగే చెడుగులో ఎక్కువ భాగం ఆ మందుది కాదు. ఏ సిరంజితో, ఎక్కడ, ఏ వేళకు వేసుకోవాలో, తిండి ఆలస్యమైతే ఏం చేయాలో పక్కన కూర్చుని ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగేదే. భయపడవలసిన చోట భయపడకుండా, అక్కర్లేని చోట భయపడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇన్సులిన్ అంటే చివరి దశ. ఒకసారి మొదలుపెడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది.

మనందరి క్లోమమూ పుట్టినప్పటి నుంచి ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉంది. లోపల తయారయ్యేది చాలనప్పుడు బయటి నుంచి ఇస్తున్నాం, అంతే. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బలహీనపడుతూ వస్తాయి. జబ్బు బయటపడే నాటికే వాటి శక్తి సుమారు సగం తగ్గిపోయి ఉంటుందని అంచనా. పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక మాత్రలు చాలకపోతే అది రోగి తప్పూ కాదు, ఓటమీ కాదు.

కొందరికి ఇన్సులిన్ కొన్నాళ్లే అవసరం. ఆపరేషన్ ముందు, కాలికి పుండు పడి చీము పట్టినప్పుడు, జబ్బు బయటపడినప్పుడే షుగర్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మాత్రలకు మారుస్తారు. గర్భిణులకూ ఇన్సులిన్ సురక్షితమైన మందే. మామూలుగా అది మాయను దాటి బిడ్డను చేరదు.

అపోహ: ఇన్సులిన్ వల్ల కళ్లు పోతాయి, కిడ్నీలు పాడవుతాయి.

"మా అన్నయ్యకు సూది మొదలుపెట్టాకే కిడ్నీలు పోయాయండీ" అని కళ్లనీళ్లతో చెప్పేవారున్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వరస అలాగే జరిగి ఉంటుంది. కానీ సూది వద్దని వాయిదా వేసిన ఆ ఏళ్లలో, మూడు వందల దగ్గర తిరిగిన షుగరే కంటిలోని సన్నని రక్తనాళాలనూ కిడ్నీలోని సన్నని జల్లెడనూ తినేసింది. అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఇన్సులిన్ మీద ఆ నింద పడింది. ఇందులో నిజం ఒక్కటే ఉంది: చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా తగ్గితే, అప్పటికే దెబ్బతిన్న కంటి పొర కొన్నాళ్లు కాస్త ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి ఇన్సులిన్ మొదలుపెట్టేటప్పుడు రెటీనా పరీక్ష తప్పకుండా చేయించుకోండి.

ఇక్కడే అందరూ తెలుసుకోవలసిన మాట మరొకటి ఉంది. ఏళ్లుగా ఇన్సులిన్ వాడుతున్న మనిషికి, తిండి మారకుండానే షుగర్ తగ్గడం మొదలవుతుంది. ముప్పై యూనిట్లు వేసుకునేవారికి ఇరవై చాలు, తర్వాత పన్నెండు చాలు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు, కషాయం పనిచేసిందంటారు. కానీ అది కిడ్నీలు దెబ్బతింటున్న గుర్తు కావచ్చు. ఒంట్లో పని ముగించిన ఇన్సులిన్‌ను తొలగించే అవయవాల్లో కిడ్నీలు ముఖ్యమైనవి. అవి దెబ్బతింటే ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లోనే నిలిచిపోతుంది, అందుకే తక్కువ మోతాదు చాలుతుంది. కారణం లేకుండా మోతాదు తగ్గుతూ వస్తే ఆ వారమే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి.

అపోహ: సిరంజి ఏదైనా ఒకటే, గీత చూసి లాగితే చాలు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఈ అపోహే. మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజి. ఇన్సులిన్ పెన్నులో (రాసే పెన్నులా ఉండే సూది పరికరం) పెట్టే కార్ట్రిడ్జ్‌లో, అంటే చిన్న మందు గొట్టంలో, మిల్లీలీటరుకు 100 యూనిట్లు. 100 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, వాటికి నారింజ రంగు మూత సిరంజి.

ఇప్పుడు లెక్క చూడండి. పెన్ను పాడైందని, ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో కార్ట్రిడ్జ్‌లోంచి 20 గీత వరకు లాగితే సిరంజిలోకి వచ్చేది అర మిల్లీలీటరు. అందులో 50 యూనిట్లు ఉంటాయి. అంటే చెప్పిన మోతాదుకు రెండున్నర రెట్లు. రాత్రి భోజనానికి ముందు అది వేసుకుంటే తెల్లవారేసరికి మనిషి లేవకపోవచ్చు. తిరగేసి చూస్తే, 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత వరకు లాగితే వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, మోతాదు పెంచుకుంటూ పోతారు. ఎప్పుడో ఒకరోజు కొట్టులో సరైన సిరంజి దొరుకుతుంది, ఆ రోజున పడిపోతారు.

అందుకని మా దగ్గరకు వచ్చేవారిని సీసా, సిరంజి, పెన్ను అన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాను. కొట్టులో సిరంజి కొనేటప్పుడు ఖాళీ సీసాను చేతిలో పట్టుకుని వెళ్లండి. సీసా మీద 40 ఉంటే సిరంజి మీద కూడా 40 ఉండాలి. చదవడం రాని పెద్దవాళ్లకు మూత రంగు నేర్పండి, అది మర్చిపోరు.

అపోహ: ఒకే చోట వేసుకుంటే నొప్పి తెలియదు, అదే మంచిది.

నొప్పి తెలియని మాట నిజమే, ఎందుకంటే ఆ చోట కొవ్వు గడ్డకట్టింది. నేను రోగిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, వేళ్లు కాస్త తడి చేసుకుని బొడ్డు చుట్టూ నెమ్మదిగా నొక్కుతూ వెళతాను. మెత్తగా జారుతున్న వేళ్లు ఒకచోట ఆగుతాయి. చర్మం కింద బిరుసుగా, నిమ్మకాయంత ఉబ్బు. రోగి చేయి పట్టుకుని దాని మీద పెడితే ఆశ్చర్యపోతారు. ఏళ్లుగా అక్కడే వేసుకుంటూ కూడా గమనించి ఉండరు.

ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు రక్తంలో కలుస్తుంది, ఒకరోజు సరిగా కలవదు. నిన్న 90, ఇవాళ 310 అని వాపోయేవారిలో చాలామంది కథ ఇదే. పొట్ట మీద బొడ్డు చుట్టూ రెండు వేళ్ల దూరం వదిలి, ప్రతిసారీ ముందు వేసుకున్న చోటికి వేలెడు ఎడంగా వేసుకోండి. తొడలు, చేతుల వెనక భాగం కూడా వాడుకోవచ్చు. ఒక హెచ్చరిక: గడ్డ వదిలి కొత్త చోటికి మారిన రోజున ఇన్సులిన్ పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి పాత మోతాదే ఎక్కువ కావచ్చు. మారే ముందే డాక్టరును అడిగి తగ్గించుకోవాలి.

ఇక సూది భయం సంగతి. ఇప్పటి పెన్ను సూది పొడవు 4 మిల్లీమీటర్లు, వేలిచివర రక్తం తీసే పోటే దీనికన్నా ఎక్కువ నొప్పి.

అపోహ: ఫ్రిజ్ లేనివారు ఇన్సులిన్ వాడలేరు.

తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి. మంచు పెట్టెలో పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు. వాడుతున్న సీసాను మాత్రం 30 డిగ్రీలు దాటని చోట బయట ఉంచి సుమారు నాలుగు వారాలు వాడుకోవచ్చు. తెరిచిన తేదీని సీసా మీద రాసుకోండి. రోజుకు 10 యూనిట్లు వేసుకునేవారికి 400 యూనిట్ల సీసా 40 రోజులు వస్తుంది, కానీ నాలుగు వారాలు దాటాక మిగిలినది పారేయవలసిందే. ఆ డబ్బు పోతోందని దాచుకుంటే షుగర్ అదుపు తప్పి అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుంది.

మే నెలలో డెల్టాలో ఎండ నలభై దాటుతుంది. ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, నీళ్లు తగలకుండా కవరులో చుట్టిన సీసాను ఆ ముంతలో పెట్టి నీడలో ఉంచండి. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తేమగా ఉండి కుండ అంతగా చల్లబడదు, అయినా పెంకుటింటి గూట్లో పెట్టడం కన్నా చాలా మేలు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవారు రేకుల పాకలోనో, ఎండలో నిలిపిన మోటారు సైకిల్ పెట్టెలోనో ఇన్సులిన్ ఉంచుతున్నారు. అది నీళ్లతో సమానం అయిపోతుంది.

అపోహ: షుగర్ ఎక్కువైతేనే ప్రమాదం, తగ్గితే మంచిదే.

70 కన్నా తగ్గితే అది ప్రమాద సూచన. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం, కారణం లేని కోపం. వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో తినాలి. ఆ సమయంలో సున్నుండ, పూతరేకు పెట్టకండి. వాటిలోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. కొబ్బరి బోండాం మీదా ఆధారపడవద్దు, కాయను బట్టి తీపి మారుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

షుగర్ పడిపోయే సందర్భాలు మన దగ్గర ముందే ఊహించగలిగినవే. పెళ్లికి వెళుతూ ఇంట్లోనే సూది వేసుకుంటారు, అక్కడ మూడో బంతికి గానీ చోటు దొరకదు. త్వరగా పనిచేసేది 30 వంతులు, నెమ్మదిగా పనిచేసేది 70 వంతులు కలిపిన మామూలు 30/70 రకం ఇన్సులిన్‌ను భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, కాబట్టి మీ బంతి ఎప్పుడో తెలిశాకే సూది. నాట్ల రోజుల్లో, కొబ్బరికాయల దింపుల్లో ఒళ్లు వంచి పనిచేసిన రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. కల్లు గానీ మద్యం గానీ తాగి అన్నం తినకుండా పడుకునేవారికి ఇంకా ప్రమాదం. కాలేయం రాత్రంతా రక్తంలోకి వదలవలసిన చక్కెరను మద్యం అడ్డుకుంటుంది. తాగి పడుకున్నాడులే అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. ఇన్సులిన్ వాడే మనిషి మత్తుగా ఉంటే ముందు వేలు గుచ్చి చూడండి.

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా బతుకుతున్న డెబ్బై ఎనభై ఏళ్ల పెద్దలు మా ప్రాంతంలో ఇంటింటా ఉన్నారు. వీళ్ల మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో (HbA1c) ఏడు శాతం లోపు రావాలని ఫోనులో పట్టుబట్టకండి. బలహీనంగా ఉన్న వృద్ధులకు ఎనిమిది లోపు ఉన్నా చాలని వైద్యులే అంటారు. అర్ధరాత్రి షుగర్ పడిపోయి తుంటి విరగడం కన్నా అది మేలు.

అపోహ: జ్వరం వచ్చి తినలేదు, ఈ పూట ఇన్సులిన్ వద్దు. దీక్షలో ఉన్నాను, మానేస్తాను.

జ్వరం తిండి లేకున్నా షుగర్‌ను పెంచుతుంది. ఆ రోజుల్లో నాలుగైదు గంటలకోసారి పరీక్ష చేసుకుని, ఎంత వేసుకోవాలో ఫోనులోనైనా అడగండి. కార్తిక సోమవారాల ఉపవాసం, అయ్యప్ప దీక్షలో మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, రంజాన్ ఉపవాసం, వీటన్నిటికీ మోతాదులూ వేళలూ మార్చవచ్చు. మాల వేసుకోవడానికి రెండు వారాల ముందు రండి, మేము వద్దని అనము. ఎవరికీ చెప్పకుండా పాత మోతాదే కొనసాగించడం, పూర్తిగా మానేయడం, రెండూ ప్రమాదమే.

అపోహ: పొడులతో, కషాయాలతో పిల్లల షుగర్ కూడా పోతుంది.

పెద్దలు కాకరకాయ తిన్నా మెంతులు నానబెట్టుకుని తిన్నా నాకు అభ్యంతరం లేదు, మందు మానకపోతే చాలు. టైప్ 1 ఉన్న పిల్లల దగ్గర మాత్రం ఈ మాట ఎత్తవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. వాళ్ల క్లోమంలో ఇన్సులిన్ దాదాపు ఉండదు. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేంత వరకు, ఇలాంటి పిల్లలను పస్తులు పెట్టి కొన్నాళ్లు ఎక్కువ బతికించడమే వైద్యులకు చేతనైంది. ఇప్పుడు పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒక్క రోజులోనే, వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోటి నుంచి పండిన పండు వాసన మొదలవుతాయి. అది అజీర్ణం అనుకుని ఆలస్యం చేయకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆడపిల్ల అయితే పెళ్లి కాదని దాచిపెట్టి సూది మాన్పించే ఇళ్లు కూడా ఉన్నాయి. ఇన్సులిన్ వాడుతూ చదువుకున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు, బిడ్డల్ని కన్నవారు ఎందరో ఉన్నారు. ఆ పిల్ల బతుకును పెళ్లి సంబంధం కోసం పణంగా పెట్టకండి.

అపోహ: బెల్లం, తాటి బెల్లం పరవాలేదు.

రెండూ దాదాపు చక్కెరే. ఇన్సులిన్ వేసుకుంటున్నాం కదా అని అన్నం కొలత మరవకండి. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. సంక్రాంతికి అరిసె తినాలనిపిస్తే ఒకటి తినండి, ఆ పూట అన్నం తగ్గించండి.

చివరగా లంక గ్రామాల వారికి. 2022 జులైలో వరద వచ్చినప్పుడు దారులు మునిగి, పడవలే దిక్కయ్యాయి. జూన్ నెలాఖరుకే నెల రోజులకు సరిపడా ఇన్సులిన్, సరైన సిరంజిలు, పరీక్ష స్ట్రిప్పులు అదనంగా తెచ్చుకోండి. మందు చీటీ నకలుతో పాటు వాటిని మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. ఇన్సులిన్ మాత్రం ఫ్రిజ్‌లోనో కుండలోనో ఉంచి, బయలుదేరేటప్పుడు డబ్బాలోకి తీయండి. వాడిన సూదులను కాలువలో వేయకండి, ఆ నీళ్లలో పిల్లలు దిగుతారు. మందమైన సీసాలో వేసి ఆసుపత్రిలో ఇవ్వండి. పునరావాస కేంద్రానికి వెళితే అక్కడి ఆరోగ్య కార్యకర్తకు ఇన్సులిన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి, అక్కడ భోజనం ఏ వేళకు వస్తుందో తెలుసుకున్నాకే సూది వేసుకోండి. డబ్బాలో గ్లూకోజ్ పొట్లం ఒకటి తప్పకుండా ఉండాలి.