ఉన్ని ఫెల్ట్ పనిలో అపోహలు - వాస్తవాలు: ధర్మాబాద్ నుంచి

అపోహ: మన దక్కనీ గొర్రెల ఉన్ని గొంగడికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఫెల్ట్ అంటే మగ్గం లేకుండా, ఉన్ని పోగుల్ని సబ్బు నీళ్లతో తడిపి రుద్ది గుడ్డలా దగ్గరపరచడం. నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్‌లో ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, "మెరినో ఎక్కడ దొరుకుతుందక్కా?" అనే. మెరినో అనే విదేశీ జాతి గొర్రె ఉన్ని సన్నగా, మెత్తగా ఉంటుంది, తొందరగా దగ్గరపడుతుంది, నిజమే. మన వైపు ఏడాదికి రెండుసార్లు కత్తిరించే నల్ల ఉన్ని ముతకది, అందులో వెంట్రుకలూ కలిసి ఉంటాయి. దానితో ఫెల్ట్ అవ్వదని కాదు, టైం ఎక్కువ తీసుకుంటుంది. నాకు ఉన్ని ఇచ్చే గొర్రెల తాత కూడా నమ్మడు. "దీనితోని గొంగడైతది గానీ బొమ్మలెట్లయితయ్ బిడ్డా?" అంటాడు. గొంగడి మగ్గం మీద నేసేది, ఫెల్ట్‌కు నేతే లేదు, కాబట్టి ఆయన అనుమానం సబబే.

మెడకూ చెవులకూ తగిలే వస్తువులకు నేనూ దాన్ని వాడను, గుచ్చుకుంటుంది. సంచికి, టీ గ్లాసు కింద పెట్టే బిళ్లకు, గుమ్మం తోరణానికి మాత్రం నా ఓటు దీనికే. బొమ్మలైతే లోపల నల్ల ఉన్ని, పైన రంగు మెరినో పల్చటి పొర. ఖర్చు బాగా తగ్గుతుంది. పై రంగు లేతదైతే మధ్యలో తెల్ల ఉన్ని ఒక పొర వేయండి, లేకపోతే నల్ల పోగులు బయటికి తేలతాయి.

అపోహ: నీళ్లు మరిగితేనే ఉన్ని అతుక్కుంటుంది.

ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. సబ్బు నీళ్లతో తడిపి రుద్దితే పోగులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడతాయి, పొలుసులు అడ్డుపడి మళ్లీ వెనక్కి రాలేవు. అసలు పని చేసేది రాపిడి. వేడి దానికి తొందర పెడుతుందంతే, చెయ్యి ఓర్చుకునేంత వెచ్చదనం చాలు. నురగ పొంగేలా సబ్బు పోస్తే పోగులు జారిపోతాయే గానీ పట్టుకోవు.

పల్చటి పొరల్ని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పరిచి, దోమతెర ముక్క కప్పి, తడిపి, ముందు అరచేత్తో నొక్కండి. రుద్దడం తర్వాత, అదీ మెల్లగా. మొదట్లోనే బలం చూపిస్తే పొరలు జరిగి గుంతలు పడతాయి. కాసేపయ్యాక తెర తీసి, రెండు వేళ్లతో గిల్లి పైకి లాగండి. పోగులు విడివిడిగా లేస్తే ఇంకా రుద్దాలి. గుడ్డలాగా పొర మొత్తం కలిసి లేస్తే పట్టు కుదిరినట్టే. అప్పుడు చాపలో చుట్టి, నాలుగు వైపులా తిప్పుకుంటూ దొర్లించాలి. ఒకే వైపు దొర్లిస్తే ఆ వైపే ఎక్కువ కుంచించుకుపోతుంది.

అపోహ: 30 శాతం కుంచించుకుపోతుందంటే 30 శాతం పెద్దగా పరిస్తే సరి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఫోన్ పౌచ్ 18 సెంటీమీటర్లు కావాలనుకోండి. 30 శాతం కలిపి 23.4 పరిస్తే, తయారయ్యాక మిగిలేది 16.4. ఫోన్ పట్టదు! 18ని 0.7తో భాగించాలి. 25.7 వస్తుంది, అంటే 26 పరచాలి. పైగా ఆ 30 అన్ని రకాల ఉన్నికీ ఒకటే కాదు. అదే ఉన్నితో, అన్నే పొరలతో 20 సెంటీమీటర్ల చదరపు ముక్క ముందు చేసి కొలుచుకోండి. ఈ పని విసుగే, కానీ దీన్ని ఎగ్గొట్టకండి.

ఏ ఊలుతోనైనా అవుతుందనేది ఇంకో నమ్మకం. షాపుల్లో ఊలు పేరుతో అమ్మే ఉండల్లో చాలావరకు అక్రిలిక్, స్టేషనరీ కొట్లో ఫెల్ట్ షీట్లు ఎక్కువగా పాలిస్టర్. ఎంత రుద్దినా తడవడమే తప్ప దగ్గరపడవు. చిన్న పోగు కాల్చి చూడండి: ఉన్నయితే కాలిన జుట్టు వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. సూపర్‌వాష్ అని రాసినది అసలు ఉన్నే అయినా పొలుసులు పనిచేయకుండా చేసి అమ్ముతారు, ఈ పనికి వద్దు.

అపోహ: అలంకారమంతా చివర్లో గ్లూ గన్‌తో అతికించాలి.

జిగురు పై నూగుకే పట్టుకుంటుంది, ఆ నూగుతో పాటే ఊడొస్తుంది. పువ్వులు, ఆకులు కావాలంటే వేరే రంగు ఉన్నిని సగం వరకే ఫెల్ట్ చేసి, కత్తెరతో ఆకారాలు తీసి, అసలు ముక్కను రుద్దడానికి ముందే దాని మీద పెట్టండి. కలిసిపోతాయి. చిన్న చుక్కలు, కళ్లు ఫెల్టింగ్ సూదితో. ఈ సూదికి దారం ఉండదు, అంచుల మీది గాట్లే పోగుల్ని లోపలికి తోస్తాయి. 38 నంబరు మామూలు పనికి, 40 సన్న పనికి. స్పాంజి మీద పెట్టి, గుచ్చినంత తిన్నగానే బయటికి తీయాలి, వంచితే పుటుక్కుమంటుంది. అద్దాలు, పూసలు మాత్రం ఆరాక దారంతో కుట్టాల్సిందే.

నల్ల ఉన్ని మీద రంగు తేలదు, తెల్లదానికే అద్దాలి. పసుపు బాగా పట్టుకుంటుంది గానీ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. హోలీ ముందు దొరికే మోదుగు పూలను పటికతో వాడి చూడండి.

అపోహ: వేపాకు పెడితే పురుగు రాదు.

ఉన్నిని తినేది చిమ్మట పిల్ల పురుగు. చెమట, జిడ్డు మరకలున్న చోట ముందు మొదలుపెడుతుంది. కాబట్టి వేపాకును నమ్ముకోకుండా శుభ్రం చేసి, ఎండలో బ్రష్‌తో దులిపి, గాలి చొరబడని కవర్లో దాచాలి. పట్టిందని అనుమానం వస్తే కవర్లోనే గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవర్ మీది తేమ ఆరే దాకా విప్పొద్దు. బొక్క పడ్డ చోట అదే రంగు ఉన్ని చిటికెడు పెట్టి సూదితో పొడిస్తే సరిపోతుంది.