విరిగిన ముక్క చెప్పే మాట: భోపాల్ నుంచి వెంకటాపురం దాకా

ఆర్కే బీచ్‌లో అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద వంకర గీత ఒకటి మిగులుతుంది. తర్వాతి అల ఇంకాస్త పైకి వచ్చి ఇంకో గీత పెట్టిపోతుంది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి విరిగిన ఇనుప షాఫ్ట్ (యంత్రాన్ని తిప్పే ఇరుసు) లోపల కూడా అచ్చం ఇలాంటి గీతలే ఉంటాయి. ఇంజనీర్లు వాటిని బీచ్ మార్కులనే అంటారు.

గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసే రోజుల్లో వాటిని మొదటిసారి చూశాను. రాత్రి షిఫ్టులో గాలి ఊదే బ్లోయర్ షాఫ్ట్ విరిగింది. "ఓవర్‌లోడ్ సార్" అన్నాడు ఫిట్టర్. టార్చి వేసి చూస్తే, విరిగినచోట ముప్పావు వంతు నున్నగా, గీతలు గీతలుగా ఉంది. మిగిలిన పావు వంతు మాత్రం గరుకుగా ఉంది. ఓవర్‌లోడ్ పడి ఒక్కసారిగా విరిగితే అంతా గరుకుగానే ఉండాలి. గీతలన్నీ కీవే, అంటే షాఫ్ట్‌కు చీల బిగించే గాడి, మూల దగ్గర మొదలయ్యాయి. గుండ్రంగా తీయాల్సిన ఆ మూలను పదునుగా వదిలేశారు. వెంట్రుకవాసి పగులు అక్కడ పుట్టి, మెల్లమెల్లగా పెరిగి, ఆ రాత్రికి షాఫ్ట్‌ను తెంపేసింది. ఈ మాట పైవాళ్ల దాకా వెళ్లేలోపే, ప్రొడక్షన్ టెన్షన్‌లో ముక్కలు స్క్రాప్ యార్డుకు పోయాయి. పాత డ్రాయింగుతోనే కొత్త షాఫ్ట్ చేయించారు. అదీ అక్కడే విరిగింది.

విరిగినదాని చేత కారణం చెప్పించే పనినే ఫోరెన్సిక్ ఇంజనీరింగ్ అంటారు. ఫోరెన్సిక్ అనగానే మనకు వేలిముద్రలు, రక్తపు మరకలు గుర్తొస్తాయి. కానీ ఆ మాట రోమ్ నగరంలోని ఫోరం నుంచి, అంటే తగవులు తీర్చే బహిరంగ స్థలం నుంచి వచ్చింది. నలుగురి ముందు నిలబడే సాక్ష్యమని దాని భావం. విశాఖ ప్రమాదాలను వరసగా చూస్తే మనం తప్పింది ఆ "నలుగురి ముందు" అన్న దగ్గరే అనిపిస్తుంది నాకు.

ఈ విద్యకు రైలు ఇరుసులే తొలి పాఠం. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి, బోగీలు అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. వాడగా వాడగా ఇనుము లోపల స్ఫటికంగా మారి పెళుసెక్కుతుందని అప్పట్లో నమ్మేవాళ్లు. అలా కాదని, పదునైన మూల దగ్గర మొదలైన పగులే కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుందని మరుసటి ఏడాదే రాంకిన్ అనే యువ ఇంజనీరు వివరించాడు. మా బ్లోయర్ షాఫ్ట్ కథ అప్పటికే తెలిసిన కథన్నమాట.

బ్రిటన్ తయారుచేసిన కామెట్ అనే జెట్ ప్రయాణికుల విమానాల కథను మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. 1953 మే 2న కలకత్తా నుంచి ఎగిరిన ఒక కామెట్ నిమిషాల్లోనే ముక్కలై 43 మంది చనిపోయారు. గాలివాన దెబ్బకే విరిగిందని విచారణ తేల్చింది. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి ఇటలీ దగ్గర సముద్రంలో కూలిపోయాయి. జనవరిలో కూలినదాని శకలాలను బ్రిటిష్ నౌకాదళం సముద్రం అడుగు నుంచి ఏరింది. ఇంగ్లండ్‌లోని విమాన పరిశోధన కేంద్రం ఫార్న్‌బరోలో వాటిని ఒక చట్రం మీద ఎక్కడివక్కడ అమర్చారు. మరో కామెట్‌ను ఏకంగా నీళ్ల తొట్టిలో పెట్టి, ఒక్కో ప్రయాణంలో లోపలి ఒత్తిడి పెరిగి తగ్గినట్టే, లోపలికి నీళ్లు పంపుతూ, వదులుతూ పోయారు. గాలితో చేస్తే పగిలిన క్షణాన విమానం పేలిపోయి సాక్ష్యం చెదిరిపోతుంది. నీళ్లతో అయితే పగులు ఉన్నచోటే ఉంటుంది. అసలు ప్రయాణాలు, తొట్టిలో చేసినవి కలిపి 3,057 సార్లకు విమానం గోడ చీలింది, కిటికీ మూల దగ్గర. దీనిపై బహిరంగ విచారణ జరిగింది. కారణాన్ని దాచుకోలేదు, పోటీ కంపెనీలూ నేర్చుకున్నాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరి, అందులోని మిథైల్ ఐసోసైనేట్ అనే విష రసాయనం వేడెక్కి విషవాయువు ఊరి మీద పడింది. ట్యాంకు అడుగున మిగిలిన మడ్డిని పరీక్షించి, లోపల ఏ రసాయన చర్య జరిగిందో డాక్టర్ వరదరాజన్ నాయకత్వంలోని మన శాస్త్రవేత్తలు తేల్చారు. దేశం గర్వపడాల్సిన పరిశోధన అది. ఆ విషాదంలో బయటపడిన లోపాల్లో ఒకటి చాలా మామూలుది. ట్యాంకును చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ యూనిట్‌ను అంతకు నెలల ముందే, జూన్‌లో, ఆపేశారు.

35 ఏళ్లు దాటాక, 2020 మే 7 తెల్లవారుజామున, విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉంది. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో ఎం6 ట్యాంకులోని స్టైరీన్, అంటే ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం, తనంతట తానే వేడెక్కి ఆవిరై ఊరిని కమ్మింది. 12 మంది చనిపోయారు. పరుగెత్తుతూ రోడ్ల మీదే పడిపోయిన మనుషుల్ని ఈ నగరం మర్చిపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పినవి చదువుతుంటే నాకు భోపాలే కళ్ల ముందు కదిలింది. సాయంత్రం అయ్యాక రిఫ్రిజిరేషన్ ఆపేసేవారు. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, పైన ద్రవం మరిగిపోతున్నా కింద మామూలుగానే చూపించింది. 2019 డిసెంబరులో పైపుల అమరిక మార్చడంతో లోపల ద్రవం సరిగా కలియలేదు. స్టైరీన్‌ను వేడెక్కించే రసాయన చర్యను అణిచి ఉంచే మందు చాలినంత లేదు. భోపాల్‌లో తెలిసిన సంగతి వెంకటాపురం దాకా ఎందుకు రాలేదన్నదే నా బాధ.

ఈ నగరానికి ప్రమాదాలు కొత్త కాదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకుని దాదాపు 60 మంది బలయ్యారు. 2012లో స్టీల్ ప్లాంటులో పేలుడు. 2020 ఆగస్టు 1న హిందుస్తాన్ షిప్‌యార్డులో, లోడ్ పరీక్ష చేస్తుండగా క్రేన్ కూలి 11 మంది పోయారు. ప్రతిసారీ ఒక కమిటీ, ఒక ఎక్స్‌గ్రేషియా. శిథిలాల కింద మనుషులుంటే ముందు వాళ్లను తీయాలి, అందుకు ఏది కోయాల్సి వచ్చినా కోయాల్సిందే. ఆ తర్వాత మాత్రం విరిగినచోట చెయ్యి పడకూడదు. రెండు ముక్కల్నీ కలిపి సరిపోయాయా అని చూసినా ఆ గీతలు అరిగిపోతాయి.

రైలు ప్రమాదమైతే రైల్వే భద్రతా కమిషనర్ విచారిస్తారు. ఆయన ఉండేది పౌర విమానయాన శాఖ కింద, రైల్వే కింద కాదు. విమానాలకు 2012 నుంచి వేరే దర్యాప్తు సంస్థ ఉంది. రసాయన ఫ్యాక్టరీలకు అలాంటి శాశ్వత సంస్థ మనకు లేదు. అమెరికాలో 1998 నుంచి పనిచేస్తున్న కెమికల్ సేఫ్టీ బోర్డు జరిమానాలు వేయదు, కేసులు పెట్టదు. కారణం కనిపెట్టి అందరికీ అర్థమయ్యేలా బయటపెడుతుంది, అంతే. శిక్షలు కోర్టులు చూసుకుంటాయి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మళ్లీ కమిటీ వేశారు. వెంకటాపురం ట్యాంకు గురించి తేలిన ఆ నాలుగు సంగతులూ ఒక్క కాగితం మీద తెలుగులో రాసి పరవాడ, అచ్యుతాపురం కంట్రోల్ రూముల్లో అంటించమని అడుగుతున్నాను. రాత్రి డ్యూటీకి వెళ్లే ఆపరేటర్ అది చదివి, తన ట్యాంకుకు థర్మామీటర్ పైన కూడా ఉందో, అడుగునే ఉందో వెళ్లి చూసుకోగలగాలి.