ఉద్దానం కిడ్నీ జబ్బు: డయాలసిస్ యూనిట్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ నర్సుగా పనిచేస్తున్నాను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచే మా దగ్గరికి ఎక్కువమంది వస్తారు. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో పెద్దవాళ్లను పరీక్షించిన సర్వేల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. చాలామంది మా యూనిట్ మెట్లెక్కేసరికే ఆలస్యమైపోతోంది. జబ్బు చప్పుడు లేకుండా ముదరడం ఒక కారణం. సంబంధాలు చెడిపోతాయనో, లేనిపోని నమ్మకాలతోనో మనుషులే దాచుకోవడం రెండో కారణం. ఈ రెండోది మన చేతుల్లో ఉన్నదే.

అపోహ: అంతా నీళ్ల వల్లే. మంచి నీళ్లు వచ్చాయి కాబట్టి ఇక భయం లేదు.

హిరమండలం జలాశయం నుంచి పైపులైన్‌లో నీళ్లు రావడం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం ఈ ప్రాంతం ఎన్నో ఏళ్లు అడిగి సాధించుకున్నవి. కానీ ఈ జబ్బుకు ఇదే కారణమని ఏ ఒక్కదాన్నీ ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి చాకిరీ, నొప్పి బిళ్లలు, కుటుంబంలో వచ్చే జన్యు లక్షణాలు, వీటన్నిటి మీదా అనుమానాలున్నాయి. శ్రీలంక వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. కుళాయి నీళ్లు వస్తున్నాయని పరీక్షలు మానేయకండి.

అపోహ: మూత్రం బాగానే అవుతోంది, కాళ్లు వాయలేదు. కిడ్నీకేం కాలేదు.

"ఒంటేలు బానే అవుతాది గదమ్మా, మరి కిడ్నీకేటయింది?" ఈ మాట నేను వినని వారం ఉండదు.

షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ముందు వడపోత జల్లెడలు పాడవుతాయి. మూత్రంలో ప్రొటీన్ పోతుంది, నురగ కనిపిస్తుంది, వాపులు వస్తాయి. మన ప్రాంతపు జబ్బు తీరు వేరు. ఇందులో ముందుగా దెబ్బతినేవి ఆ జల్లెడల కింద ఉండే సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. జల్లెడలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తే, అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పీల్చుకునేది ఆ గొట్టాలే. అవి పాడైతే నీటిని వెనక్కి తీసుకునే శక్తి తగ్గుతుంది. అందుకే మూత్రం తగ్గకపోగా, రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ప్రొటీన్ పెద్దగా పోదు, బీపీ కూడా మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. అంటే ఊళ్లో అందరూ ధైర్యం చెప్పుకునే గుర్తులేవీ ఇక్కడ పనికిరావు. రక్త పరీక్ష ఒక్కటే దారి.

అపోహ: క్రియాటినిన్ 1.2 వచ్చింది, నార్మలే.

ఎవరికి వచ్చిందన్నది ముఖ్యం. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీ బయటికి పంపుతుంది. 25 ఏళ్ల కుర్రాడికి 1.2 వస్తే కిడ్నీ పనితీరు, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 86. అదే 1.2 పలాస జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే 60 ఏళ్ల అమ్మకు వస్తే సుమారు 52. మూడు నెలలు దాటినా 60 కంటే తక్కువే ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు అంటారు. రిపోర్టు మీద అంకె పక్కన ఎర్ర గుర్తు లేదని ఆమె ఇంటికెళ్లిపోతుంది. ల్యాబ్‌లో క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ కూడా వేయమని అడగండి. పాత రిపోర్టులు పారేయకండి. ఒక్క అంకె కంటే ఆరు నెలల్లో అది ఎటు కదిలిందన్నదే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

అపోహ: నడుం నొప్పి వస్తే కిడ్నీ నొప్పి. రెండు బిళ్లలు వేసుకుంటే పోతుంది.

కిడ్నీ జబ్బుకు సాధారణంగా నొప్పే ఉండదు. రాయి ఉంటే వచ్చే నొప్పి వేరు. రోజంతా కొబ్బరి చెట్లెక్కి దిగినవాళ్లకు, తోటలో వంగి పనిచేసినవాళ్లకు నడుం నొప్పి వస్తే అది చాలావరకు కండరాలదే. అసలు ప్రమాదం ఆ తర్వాత వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ బిళ్లల్లో ఉంది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళం మూసుకుపోకుండా శరీరం కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఈ బిళ్లలు సరిగ్గా వాటినే ఆపేస్తాయి. ఎండలో పని, పైన నొప్పి బిళ్ల, రెండూ కలిస్తే దెబ్బ రెట్టింపు. తప్పనిసరైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడండి. ఇంజెక్షన్ చేసేవారెవరైనా సరే, ఏ మందు ఎక్కిస్తున్నారో పేరు అడగండి.

అపోహ: నీళ్లు ఎంత తాగితే కిడ్నీ అంత శుభ్రం.

ఎండలో పనిచేసేవాళ్లకు నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి తప్పకుండా కావాలి. కానీ జబ్బు వచ్చాక ఎక్కువ నీళ్లతో అది తగ్గదు. కెనడాలో 600 మందికి పైగా రోగులపై చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది పాటు ఎక్కువ నీళ్లు తాగించినా కిడ్నీ పనితీరు తగ్గడం నెమ్మదించలేదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకైతే ఎక్కువ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం తెస్తాయి.

అపోహ: నీరసంగా ఉంటే కొబ్బరి బొండాం మంచిది.

కొబ్బరి తోటల మధ్య ఉండి ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. పరామర్శకు వచ్చే చుట్టాలు ప్రేమతోనే బొండాలు తెస్తారు. కానీ ఒక్క బొండాంలో అర గ్రాముకు పైగా పొటాషియం ఉండొచ్చు. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, ముందు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. పనస, అరటి విషయంలోనూ ఇదే జాగ్రత్త. జబ్బు తొలి దశలో ఉండి, పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లు అన్నీ మానేయక్కర్లేదు. రిపోర్టు చూసి డాక్టరు చెప్పినట్టు చేయండి.

అపోహ: ఇది అంటుజబ్బు. కంచం, మంచం వేరు చేయాలి.

కిడ్నీ జబ్బు తాకితే రాదు, కలిసి తింటే రాదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తోందంటే వాళ్లు తాగే నీళ్లు, చేసే పని, పుట్టిన కుటుంబం ఒకటే కావడం వల్ల కావచ్చు. దయచేసి కంచం వేరు చేయకండి.

అంటుకునేవి వేరే ఉన్నాయి, వాటిని ఆపడం మా బాధ్యత. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించనంత మరకైనా చాలు. అందుకే ఒక రోగి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి వెళ్లే ముందు చేతులు శుభ్రం చేసుకుని గ్లౌజులు మార్చాలి, ఒక్కో సిట్టింగ్, అంటే ఒకరి డయాలసిస్, అయ్యాక కుర్చీ, మెషీన్ బయటి భాగం తుడవాలి, హెపటైటిస్ బి ఉన్నవారికి మెషీన్ వేరుగా ఉండాలి. మీ నర్సు గ్లౌజులు మార్చకుండా మీ దగ్గరికి వస్తే అడగండి. మాకు కోపం రాకూడదు, అది మీ హక్కు. హెపటైటిస్ బి టీకా డయాలసిస్ దాకా ఆగకుండా ముందే వేయించుకుంటే బాగా పనిచేస్తుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు మామూలు కంటే రెట్టింపు మోతాదు కావాలి.

డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం ఉన్నవాళ్లు దాన్ని తడవనివ్వకూడదు. చలి, వణుకుతో జ్వరం వస్తే ఇంట్లో బిళ్ల వేసుకుని పడుకోకండి, అదే రోజు ఆసుపత్రికి రండి. ఆ ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి వెళుతుంది. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేతికి బీపీ పట్టీ వద్దు, సూది వద్దు. రోజూ పొద్దున్నే దానిమీద వేళ్లు పెట్టి చూసుకోండి, జుమ్మని అదురు తగలాలి. తగలకపోతే వెంటనే ఫోన్ చేయండి.

అపోహ: ఒకసారి డయాలసిస్ మొదలెడితే అలవాటైపోతుంది.

అలవాటు చేసేది మెషీన్ కాదు. పనిచేయని కిడ్నీకి బదులుగా అది పనిచేస్తోంది, అంతే. విరేచనాలు, పాముకాటు లాంటి వాటివల్ల కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే మెషీన్ మానేస్తారు.

అపోహ: మనసు బాగాలేకపోవడం జబ్బు కాదు. టెన్షన్ పడకుండా ధైర్యంగా ఉంటే చాలు.

డయాలసిస్ రోగుల్లో సుమారు నలుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుంది. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి. నేను వేరేవి గమనిస్తాను. పక్క బెడ్ ఆయనతో కబుర్లాడే మనిషి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. "ఈ వారం రానులెండి సిస్టర్, ఇంటివాళ్లకెందుకు ఖర్చు" అంటాడు. సిట్టింగులు ఎగ్గొట్టడం మొదలైతే దాన్ని బద్ధకం అనుకోవద్దు. రెండు వారాలకు పైగా దేనిమీదా ఇష్టం లేకుండా ఉంటే డాక్టరుకు చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కూడా సరిపడే మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి.

భర్తను వారానికి రెండు మూడుసార్లు బస్సులో తీసుకొచ్చి, నాలుగు గంటలు వరండాలో కూర్చుని, ఇంటికెళ్లి వంట చేసే ఆడవాళ్ల గురించి ఎవరూ అడగరు. వాళ్లకూ నిద్ర పట్టదు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు, అర్ధరాత్రి అయినా తీస్తారు. రోగులే కాదు, రోగిని చూసుకునేవాళ్లు కూడా ఆ నంబరుకు చేయొచ్చు.