కిడ్నీ క్యాన్సర్ మళ్లీ పెద్ద సిరలో పెరిగితే: అపోహలు - వాస్తవాలు

అపోహ: కిడ్నీనే తీసేశారు, ఇంక అక్కడ క్యాన్సర్ ఎలా వస్తుంది?

వాస్తవం: ఈ క్యాన్సర్‌కు సిరలోకి పాకే గుణం ఉంది. కిడ్నీ సిరను కోసి కుట్టిన చోట, లేదా కాళ్లు, పొట్ట నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర (ఐవీసీ) గోడలో కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుంది. అరుదే. కానీ రెండు కాళ్లూ వాచి, పొట్ట మీద సిరలు ఉబ్బితే వయసు వల్లేనని వదిలేయకండి.

అపోహ: అది రక్తపు గడ్డే, రక్తం పలచబడే మందు చాలు.

వాస్తవం: ఆ మందుకు కణితి కరగదు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా చూపే మందు) ఎక్కించి తీసిన ఎమ్మారైలో కణితి వెలుగుతుంది, ఉత్త గడ్డ వెలగదు. తరచూ రెండూ కలిసే ఉంటాయి. మందు పనికొచ్చేది రెండోదానికే.

అపోహ: సిర చీల్చి లాగేస్తే సరి.

వాస్తవం: అసలు కష్టమంతా లాగడానికి ముందే. కణితి పైకొస కాలేయం కిందుందా, వెనకుందా, గుండె గదిలోకి చేరిందా అన్నది తాజా స్కాన్‌తో తేల్చుకోవాలి. గుండెలోకి చేరితే సాధారణంగా హార్ట్-లంగ్ మెషీన్ కావాలి. రెండోసారి పొట్ట తెరిస్తే పేగులు, కాలేయం పాత మచ్చకు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడానికే గంటలు పడుతుంది. కణితికి కింద ఐవీసీకి, మిగిలిన కిడ్నీ సిరకు, కణితికి పైన రక్తాన్ని ఆపే క్లాంపులు పడేదాకా కణితిని కదపకూడదు. ముక్క తెగితే ఊపిరితిత్తులకే పోతుంది. అందుకే అన్నవాహికలోంచి ఎకోతో కొసను కనిపెడుతుంటారు. వెన్ను వైపు నుంచి ఐవీసీలో కలిసే లంబార్ సిరల్ని మరిచామా, అన్నీ బిగించినా రక్తం ఊరుతూనే ఉంటుంది. చివరి కుట్టు బిగించే ముందు కింది క్లాంపు కాస్త వదిలి గాలిని బయటికి తోలాలి.

గోడకు కణితి అంటుకుంటే ఆ భాగం కోసెయ్యాలి. మిగిలిన దారి సగానికన్నా ఇరుకైతే అతుకు వేస్తారు. చుట్టుకొలతంతా పోతే పీటీఎఫ్ఈ అనే కృత్రిమ పదార్థంతో చేసిన గొట్టం.

అపోహ: ఐవీసీని కట్టేస్తే బతకరు.

వాస్తవం: నెలల తరబడి మూసుకుపోయిన సిరకు శరీరమే పక్కదారులు వేసుకుంటుంది, అప్పుడు కట్టేసినా చాలామంది తట్టుకుంటారు. తేడా అంతా, మిగిలిన ఒక్క కిడ్నీ ఎడమదా కుడిదా అన్నదానిలో ఉంది. ఎడమదాని రక్తం అడ్రినల్ గ్రంథి సిర, గోనాడల్ (జననగ్రంథి) సిరల గుండా తప్పించుకోగలదు. కుడిదానికి ఆ దారులు లేవు, దాని సిరను తిరిగి కలపకపోతే డయాలిసిస్ ముప్పే.

అపోహ: ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి మళ్లించే మందులు) వచ్చాక ఆపరేషన్ అక్కర్లేదు.

వాస్తవం: మందులతో కొందరిలో కణితి కుంచించుకుపోతుంది, పైకొస మాత్రం చాలామందిలో పెద్దగా దిగదు. వేరేచోట వ్యాధి లేకుండా, ఒళ్లు తట్టుకోగలిగితే ఆపరేషన్‌కే మొగ్గు. వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ నోట్స్, పాథాలజీ రిపోర్టు తీసుకెళ్లండి. సిర కోసిన అంచులో కణితి మిగిలిందో లేదో దొరికేది ఆ కాగితాల్లోనే.